మేనకోడలు నడిపిన కారు: నెల్లూరు నుంచి భైరవకోన దాకా

మొదటి రోజు: వేదాయపాళెం, మా ఇల్లు

మా అన్నయ్య కూతురు డిసెంబరు మూడో వారంలో టెక్సస్ నుంచి వచ్చింది. అర్ధరాత్రి చెన్నైలో విమానం దిగి, తెల్లారేసరికి వేదాయపాళెంలో మా ఇంటి ముందు నిలబడింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. అక్కడే పుట్టి పెరిగింది, పదహారో ఏట నుంచీ కారు నడుపుతోంది. ఈసారి తన కోరిక ఒక్కటే. నాయనమ్మను తనే కారులో కూర్చోబెట్టుకుని భైరవకోన తీసుకుపోవాలి. మా అమ్మకు ఎనభై మూడేళ్లు. పెళ్లయిన కొత్తలో ఒక కార్తీక పౌర్ణమికి ఎద్దులబండి మీద పోయి చూసిందట. ఆ కొండ, ఆ జలపాతం, రాతిలో తొలిచిన గుళ్ల గురించి ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది.

పిల్ల స్నానం చేసి ఇడ్లీ తిన్నాక నేను అడిగిన మొదటి మాట, "కాగితాలు తియ్యి తల్లీ."

టేబుల్ మీద నాలుగు పెట్టింది. అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు, టెక్సస్ లైసెన్సు, బూడిద రంగు అట్ట వేసిన చిన్న పుస్తకం. ఆ పుస్తకాన్ని అమ్మ చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, లోపల మనవరాలి ఫోటో చూసి, "ఇదేంది పాపా, బ్యాంకు పాసుపుస్తకమా?" అంది.

అదే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. దాని కోసం నవంబరు నెలంతా నేను ఫోన్లో మా అన్నయ్యతో పోట్లాడాను. "ఓసీఐ కార్డుంది, లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంది, మన ఊళ్లో ఎవరడుగుతారే?" అనేది వాడి వాదన. ఓసీఐ కార్డు జీవితాంతం వచ్చిపోవడానికి వీసాలాంటిది. బండి నడపడానికి దానితో సంబంధం లేదు. 1949లో జెనీవాలో రోడ్డు రవాణా మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అందులో మన దేశమూ ఉంది, అమెరికా కూడా ఉంది. ఒక దేశం లైసెన్సు ఇంకో దేశంలో చెల్లడానికి ఆ ఒప్పందం ప్రకారం ఇచ్చేదే ఈ పుస్తకం. మన లైసెన్సులో ఉన్న వివరాలకు ఇది అనువాదం లాంటిది. అందుకే అసలు లైసెన్సు పక్కన ఉంటేనే దీనికి విలువ. రెండూ వెంట ఉండాలి.

అమెరికాలో దీన్ని ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం ఇస్తుంది. 20 డాలర్లు, రెండు పాస్‌పోర్టు ఫోటోలు, చేతిలో ఉన్న లైసెన్సు చాలు. ఏడాది పాటు చెల్లుతుంది. ఆన్‌లైన్లో మూడేళ్లు, అయిదేళ్లు చెల్లుతుందని చెప్పి ప్లాస్టిక్ కార్డులు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. మా అన్నయ్య మొదట అలాంటిదే ఒకటి చూపించి "ఇది చాలదా" అన్నాడు. చాలదని తేల్చి చెప్పాను. మన పిల్లలు ఇక్కడి నుంచి పోయేటప్పుడూ ఇదే పద్ధతి. రవాణా శాఖకు 4ఏ ఫారం పెట్టి, 1,000 రూపాయలు కడితే మన ఆర్టీఓ ఆఫీసు ఇస్తుంది. ఏ దేశం లైసెన్సుకు ఆ దేశంలోనే తీసుకోవాలి. ఇక్కడికొచ్చాక తీసుకుందాంలే అనుకుంటే మన ఆర్టీఓ టెక్సస్ లైసెన్సు మీద ఇవ్వదు.

నా పట్టుదలకు కారణం ఉంది. కారు నా పేరున ఉంది. లైసెన్సు లేని మనిషి చేతికి బండి ఇవ్వకూడదని మోటారు వాహనాల చట్టంలో యజమానికే నేరుగా చెప్పారు. 2019లో సవరించాక నడిపినవాళ్లకు 5,000, ఇచ్చిన యజమానికి మరో 5,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. డబ్బు పోతే పోయింది. నా భయం బీమా గురించి. నడిపేవాళ్లకు చెల్లే లైసెన్సు ఉండాలని పాలసీలో స్పష్టంగా రాసి ఉంటుంది. రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆ కుటుంబానికి రావాల్సిన డబ్బు దగ్గర ఈ పేచీ మొదలవుతుంది. మన నిర్లక్ష్యానికి ఎవరో కోర్టుల చుట్టూ తిరగాలా? ఏజెంటుకు ఫోన్ చేసి అడిగితే ఇంకో సంగతి కూడా తెలిసింది. పాలసీలో ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికే. పిల్ల నడిపితే తనకది వర్తించదు. ఆ రోజే తనకు విడిగా ప్రయాణ బీమా తీసుకోమని అన్నయ్యకు చెప్పాను.

"పోనీ అద్దె కారు తీసుకుంటుందిలే" అని కూడా వాడన్నాడు. ఊళ్లో తెలిసినాయన సొంత కారు రోజుకింత అని ఇస్తాడట. ఆ కారుకు తెల్ల నంబరు ప్లేటు. అంటే సొంతానికి వాడుకునేది, దాని బీమా కూడా సొంత వాడకానికే. మనమే నడుపుకునే అద్దె కార్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. ఆ ప్లేటు లేని కారును అద్దెకు తీసుకోవద్దని మా బంధువుల పిల్లలందరికీ చెబుతుంటాను.

రెండో రోజు: మైపాడు రోడ్డు

తెల్లవారుజామున అయిదున్నరకు బయల్దేరాం. ఊరు దాటేదాకా నేను నడిపి, ఇందుకూరుపేట వైపు రోడ్డు ఖాళీగా కనపడగానే స్టీరింగు తనకిచ్చి పక్క సీట్లో కూర్చున్నాను. మాది ఆటోమేటిక్ కారు. ఎడమ చేత్తో గేరు వేసే అవస్థ లేదు, నయమే.

మొదటి మలుపులోనే వైపర్లు గిరగిరా తిరిగాయి. వాన చుక్క లేదు. అక్కడి కార్లలో ఇండికేటరు స్టీరింగుకు ఎడమ పక్కన, ఇక్కడ మా కారులో కుడి పక్కన. పిల్ల సిగ్గుపడి నాలుక కరుచుకుంది. ఆ రోజు లెక్కపెట్టాను, పదకొండు సార్లు వైపర్లు తిరిగాయి.

అసలు ఇబ్బంది అది కాదు. పుట్టి బుద్ధెరిగాక కారులో ఎడమ పక్కన కూర్చుని నడిపిన మనిషి, కుడి పక్కన కూర్చుంటే కారు వెడల్పు అంచనాకు అందదు. తను రోడ్డు మధ్యలో ఉన్నాననుకుంటుంది, కారు మాత్రం ఎడమకు జరిగిపోతూ ఉంటుంది. ఒక కాలువ పక్కన ఎడమ చక్రం తారు దిగి మట్టిలోకి పోయింది. నా కిటికీలోంచి కిందికి చూస్తే గట్టు మీది గడ్డి, దాని కింద నీళ్లు, మధ్యలో జానెడు నేల. గుండె ఆగినంత పనైంది. అరవకుండా, "మెల్లగా కుడికి తల్లీ, మెల్లగా" అన్నాను. ఒక్కసారిగా తిప్పకుండా నిదానంగా ఎక్కించింది. అక్కడే కాసేపు కారు ఆపి నీళ్లు తాగాం.

అప్పుడొక చిట్కా చెప్పాను. నాకు డ్రైవింగ్ నేర్పిన పెద్దాయన చెప్పిందే. "మీ దేశమైనా మా దేశమైనా డ్రైవరు భుజం ఎప్పుడూ రోడ్డు నడిమి గీత వైపే ఉంటుంది. నువ్వు గీత పక్కన కూర్చున్నావా లేదా, అదొక్కటి చూసుకో." ఆ మాట తనకు బాగా పట్టింది. ప్రతి మలుపు తిరిగాక "గీత నా వైపే ఉంది అత్తా" అని పైకి అనేది.

నాట్ల కాలం కావడంతో ఇనుప చక్రాల ట్రాక్టర్లు మడిలోంచి నేరుగా రోడ్డెక్కుతున్నాయి. రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. ఒక గేదెల మంద అడ్డం వస్తే హారన్ కొట్టబోయింది. వద్దన్నాను. గేదెల ముందు ఆగి ఉండటమే మేలు. సముద్రం ఒడ్డున టీ తాగి, వచ్చేటప్పుడు ఊరి మొదటి దాకా తనే నడిపింది.

మూడో రోజు: ఊళ్లోనే

నెల్లూరు ఊళ్లో తనకు కారు ఇవ్వలేదు. ట్రంకు రోడ్డు, వీఆర్సీ సెంటరు, గాంధీబొమ్మ అన్నీ నేనే నడిపి, తనను పక్కన కూర్చోబెట్టి చూపించాను. కుడికి తిరిగేటప్పుడు ఎదుటి వాళ్లను పోనిచ్చి, కొంచెం దూరం పోయి తిరగాలి. అక్కడ ఎడమకు ఎలాగో ఇక్కడ కుడికి అలా. టెక్సస్‌లో ఎర్ర లైటు ఉన్నా ఆగి చూసి కుడికి తిరగొచ్చు. ఇక్కడ ఎర్ర లైటులో ఎడమకు తిరగాలంటే అక్కడ అనుమతిస్తూ బోర్డు ఉండాలి.

సాయంత్రం మలై కాజా తెస్తానని నా స్కూటీ తాళాలు తీసుకుని గేటు దగ్గరికి పోయింది. వెనక్కి పిలిచి పుస్తకం తెరిపించాను. అందులో ఏ, బీ, సీ, డీ, ఈ అని అయిదు తరగతులు ఉంటాయి. ఏ అంటే మోటారు సైకిళ్లు. బీ అంటే కార్లు. మనకున్న లైసెన్సులో ఏవి ఉంటే వాటికే ముద్ర వేస్తారు. తనకు బీ ఎదుట ముద్ర ఉంది, ఏ ఎదుట ఖాళీ.

"స్కూటర్ కూడా మోటార్ సైకిలేనా అత్తా?"

"చట్టానికి అదీ మోటారు సైకిలే తల్లీ. ఈ ముద్ర లేకపోతే నీకు లైసెన్సు లేనట్టే."

బయటి నుంచి వచ్చే పిల్లలు ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కారు విషయంలో ఇంత జాగ్రత్త పడి, స్కూటీ దగ్గరికొచ్చేసరికి సందు చివరి దాకే కదా అనుకుంటారు. కాజా నేను తెచ్చాను.

నాలుగో రోజు: హైవే మీద ఒంగోలుకు

అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టబోతే ఒప్పుకోలేదు. "చీర నలుగుద్ది, ఊపిరాడదు" అంది. వెనక కూర్చున్నవాళ్లకూ బెల్టు తప్పనిసరి, పెట్టుకోకపోతే 1,000 రూపాయలని చెప్పినా వినలేదు. మనవరాలు దిగి వచ్చి, నాయనమ్మ పైట సర్ది, మెత్తటి తువ్వాలు మడతపెట్టి బెల్టు కింద భుజం మీద ఉంచి, క్లిప్పు వేసింది. "నువ్వు పెట్టుకోకపోతే నేను స్టార్ట్ చెయ్యను నాయనమ్మా." దాంతో అమ్మ కిక్కురుమనలేదు.

నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. పాత 5వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 16. పెన్న వంతెన దాటి కోవూరు మీదుగా కావలి వైపు పోతుంటే తనకు రోడ్డు బాగా నచ్చింది. కేంద్రం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వరకు అనుమతి. కానీ బోర్డు మీద తక్కువ రాసి ఉంటే బోర్డుదే మాట. మైళ్లకు అలవాటు పడ్డ పిల్ల, 80 అంకె చూసి మొదట ఉలిక్కిపడింది. అది 50 మైళ్లేనని లెక్క కట్టుకుని కుదుటపడింది.

నేను ఎక్కువసేపు చెప్పింది లైట్ల గురించి. అక్కడ ఎదుటి బండి లైటు ఒకసారి వెలిగించి ఆర్పితే "నువ్వు ముందు పో" అని మర్యాద చేసినట్టట. ఇక్కడ అదే లైటుకు అర్థం "నేను వస్తున్నా, నువ్వు ఆగు" అని. ఒకటే సైగకు రెండు దేశాల్లో అర్థం తలకిందులు. డివైడరు మధ్య సందులో తిరగాల్సి వచ్చినప్పుడు ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో తలుచుకుంటేనే భయం. హారన్ సంగతీ అంతే. అక్కడ హారన్ కొడితే తిట్టినట్టు. వెనక లారీ కొట్టిన ప్రతిసారీ "నేనేం తప్పు చేశాను?" అని టెన్షన్ పడేది. తప్పేమీ లేదు, నేను నీ పక్కన ఉన్నానని చెబుతున్నాడు, అంతే అన్నాను.

లారీలు కుడి వరసను వదలవు. కుడి పక్క నుంచే దాటాలని రూలు, దారి ఇవ్వకపోతే ఏం చెయ్యాలి? ఓపిక పట్టాలి. రాంగ్ రూటులో డివైడరును ఆనుకుని ఎదురొచ్చే మోటారు సైకిళ్లు రెండు కనపడ్డాయి. టెక్సస్ హైవే మీద తను ఒక్కసారీ చూడని దృశ్యం. స్టీరింగు మీద వేళ్లు బిగుసుకోవడం నాకు కనపడింది. వేగం తగ్గించి, ఎడమ వరసలోకి వచ్చి, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ముసునూరు, టంగుటూరు టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ ఉంది కాబట్టి ఆగే పని లేకపోయింది. దారిలో నంబర్లు ఫోన్లో పెట్టించాను. ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద సాయానికి 1033.

ఉలవపాడు దాటుతుంటే అమ్మ కిటికీలోంచి తోటలు చూస్తూ, "ఎండాకాలం అయ్యుంటే ఈడ మామిడికాయలు గంపలతో పెట్టుండేవాళ్లు" అంది. మనవరాలు ఎప్పుడూ వేసవిలో రాలేదు, ఉలవపాడు మామిడిపండు రుచి దాని నోరు ఎరగదు. అమ్మకు అదొక బెంగ.

అయిదో రోజు: చీమకుర్తి మీదుగా కనిగిరి

ఒంగోలులో మా చెల్లెలి వరసామె ఇంట్లో పడుకుని పొద్దున్నే బయల్దేరాం. చీమకుర్తి దగ్గర పడేకొద్దీ గ్రానైటు లారీలు మొదలయ్యాయి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు ఇక్కడిదే. ఒక లారీ వెనక పోతున్నాం. దాని మీద ఒకే ఒక దిమ్మె, చిన్న గదంత ఉంది. పక్కల డ్రిల్లు వేసిన గాడులు వరసగా, దువ్వెన పళ్లలా కనిపిస్తున్నాయి. ఇనుప గొలుసులు బిగించి కట్టారు. లారీ గుంటలో దిగి లేచినప్పుడల్లా గొలుసు కిర్రుమంటోంది.

"దాటనా అత్తా?"

ఇక్కడ డివైడరు లేదు. ఇలాంటి రోడ్డు మీద కార్ల హద్దు 70. కుడి పక్కన కూర్చుంది కాబట్టి ఎదర ఏం వస్తోందో తనకే కనపడుతుంది. పక్కన కూర్చున్న నాకు లారీ వెనక భాగం తప్ప ఏమీ కనపడదు. "నాకు కనపడటం లేదు తల్లీ, నువ్వే చూసుకో. అనుమానం ఉంటే వద్దు" అన్నాను. తను దాటలేదు. లారీకి బాగా దూరంగా, మూడు నాలుగు కిలోమీటర్లు అలాగే వెనక వచ్చింది. ఆ లారీ పక్కకు దిగాకే ముందుకు పోయింది. ఆ క్షణం నుంచీ నా కుడికాలు లేని బ్రేకును తొక్కడం మానేసింది.

పొదిలి దాటాక పోలీసులు ఆపారు. ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ కాగితాలు నా ఫోన్లో డిజీలాకర్లో చూపించాను. డ్రైవరు లైసెన్సు అడిగితే పిల్ల రెండూ అందించింది. ఆయన ప్లాస్టిక్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, పుస్తకం తెరిచి, ఇంగ్లీషు పేజీలో పేరు, ఫోటో, గడువు తేదీ, బీ ఎదుట ముద్ర ఒక్కొక్కటీ కార్డుతో పోల్చి చూశాడు. తర్వాత వెనక సీట్లోకి వంగి, "ఏడికి పోతుండారు అవ్వా?" అని అడిగాడు. "భైరవకోనకు నాయనా, నా మనవరాలు తోలకపోతావుంది" అంది అమ్మ. తనకే బిరుదు ఇచ్చినంత గర్వంగా చెప్పింది. ఆయన పుస్తకం తిరిగిచ్చి పొమ్మన్నాడు. రెండు నిమిషాల పని. పుస్తకం లేకపోయి ఉంటే ఆ రెండు నిమిషాల్లో నేనేం చెప్పి ఉండేదాన్నో నాకే తెలియదు.

పచ్చటి పొగాకు చేలు, ఆ తర్వాత కంది చేలు. రాత్రికి కనిగిరిలో బంధువుల ఇంట్లో ఉన్నాం.

ఆరో రోజు: భైరవకోన, ఉదయగిరి, ఇల్లు

కొండ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు సన్నబడింది. ఎదురుగా ఆటో వస్తే ఎవరో ఒకరు తారు దిగాల్సిందే. మైపాడు రోడ్డులో పొరపాటున దిగిన పిల్ల, ఇక్కడ కావాలని, చూసుకుని, ఎడమ చక్రాలు మట్టిలోకి దించి దారి ఇచ్చింది.

భైరవకోనలో ఎనిమిది గుహాలయాలు. ఒకే కొండను తొలిచి చేసినవి. అమ్మ మా ఇద్దరి చేతులు పట్టుకుని మెట్లెక్కి, ప్రతి గుడి ముందూ నిలబడింది. జలపాతం నీళ్లు దోసిట్లో పట్టి మనవరాలి తల మీద చల్లింది. అక్కడ జరిగింది ఇంతకు మించి రాయాలని లేదు. అది వాళ్లిద్దరిదీ.

వచ్చేటప్పుడు ఉదయగిరి మీదుగా వచ్చాం. అక్కడి చెక్క గరిటెలు, చెంచాలు పేరుమోసినవి. నాలుగు కొని పిల్ల సంచిలో పెట్టాను. ఆత్మకూరు చేరేసరికి చీకటి పడింది. అక్కడ స్టీరింగు నేను తీసుకున్నాను. ఎదుటి బండ్లు హైబీమ్ దించవు, వెనక దీపాల్లేని ట్రాక్టర్లు ఉంటాయి. చీకట్లో ఈ రోడ్లు తోలడానికి ఆరు రోజుల అలవాటు చాలదు. తనూ మారు మాట్లాడకుండా ఇచ్చింది.

ఇంటికొచ్చాక పిల్ల కాగితాలన్నీ కవరులో సర్దుతుంటే అమ్మ మంచం మీద నుంచి పిలిచింది.

"ఆ పాసుపుస్తకం ఎన్నాళ్లు చెల్లుద్ది పాపా?"

"వచ్చే నవంబరు దాకా నాయనమ్మా."

అమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే.

"అయితే మామిడికాయల నాటికి ఉంటుందిగా" అంది.